నూట పన్నెండో పుట

ఆ గ్రంథాలయానికి వచ్చేవారిలో ఆమె అసలు పేరు తెలిసినవారు తక్కువ. అందరికీ ఆమె చీటీలమ్మ. మేడ మీది గదిలో, కిటికీ పక్క బీరువాలోని పాత నాటకాలకూ నటుల ఆత్మకథలకూ అట్ట లోపల ఒక చీటీ అంటించి, ఎవరు ఎందుకు చదవాలో గుండ్రని అక్షరాలతో నాలుగు ముక్కలు రాయడం ఆమెకు ఇరవై రెండేళ్ల అలవాటు. చీటీలమ్మ బాగుందన్నదంటే ఇంక తిరుగు లేదని పాఠకులు చెప్పుకునేవారు.

తిరుగు లేని ఆ మాటలో ఒక లొసుగు ఉన్నది. అది ఆమెకొక్కదానికే తెలుసు. నాటకాలను ఆమె తొలి రంగం నుండి తెర పడేదాకా, పాత్రకొక గొంతు మార్చుకుంటూ, రెండు మూడు సార్లు చదివేది. ఆత్మకథలకు మాత్రం ఆ ఓపిక ఉండేది కాదు. ముందుమాటా, మొదటి పది పుటలూ, వెనుక అట్టా చూసి చీటీ రాసేసేది.

వేషాల తాత ప్రతి శుక్రవారమూ వచ్చేవాడు. ముప్పై ఏళ్లు ఒక నాటక సమాజంలో రాజులకూ బంట్లకూ దుస్తులు కుట్టిన దర్జీ. ఇప్పుడు చూపు మందగించింది. పుస్తకం తీసుకువెళ్తే, మధ్యాహ్నం పనులు తెమిలాక కోడలు పెద్దగా చదివి వినిపించేది. ఆ సమాజంలో రాజు వేషాలు కట్టిన నటుడి ఆత్మకథ వచ్చిందని తెలిసి, తాత ఒక శుక్రవారం రెండేసి మెట్లు ఎక్కినంత హడావుడిగా వచ్చాడు. దాని చీటీ మీద అప్పటికే రాసి ఉన్నది: "ప్రతి పుటా ఆణిముత్యం. ఇంటిల్లిపాదీ కలిసి వినదగినది."

"మా రాజుగారు నా గురించి ఒక ముక్కైనా రాసుంటాడంటావా, తల్లీ?"

"రాయకుండా ఉంటారా, బాబాయిగారూ!"

తరువాతి శుక్రవారం తాత రాలేదు. ఆ పై శుక్రవారమూ రాలేదు. సోమవారం కోడలు వచ్చి, పుస్తకం బల్ల మీద పెట్టి, పలకరించినా పలకకుండా వెళ్లిపోయింది. పుటల మధ్య ఒక నీలం దారప్పోగు కనిపించింది. నూట పన్నెండో పుట. సింహాసనం ఎక్కబోతుండగా తన అంగరఖా వీపున నిలువునా చిరిగిందనీ, సభంతా గొల్లుమన్నదనీ, తమ దర్జీ తాగి కుట్టాడనీ, మరునాటి నుండి వాడి మొహం చూడబుద్ధి కాలేదనీ నటుడు రాసుకున్నాడు.

గ్రంథాలయం మూయగానే చీటీలమ్మ తాత ఇంటికి బయలుదేరింది. దారి పొడుగునా ఆమెకు ఒకటే గుబులు. చదివావా అని తాత అడిగితే ఏమని చెప్పాలి? చదివానంటే, తెలిసి తెలిసీ ముసలాయనకు ఆ అవమానాన్ని అందించినట్లు. చదవలేదంటే, ఇరవై రెండేళ్ల పరువు ఒక్క మాటతో నీళ్లపాలు.

తలుపు తీసిన కోడలు రమ్మనలేదు, పొమ్మనలేదు. తాత కిటికీ కింద, గుడ్డ కప్పిన కుట్టుమిషను పక్కన కూర్చుని ఉన్నాడు. ఆమె గొంతు పోల్చుకుని, మొహం ఇటు తిప్పకుండానే అడిగాడు.

"చదివే ఇచ్చావా, తల్లీ?"

ఆమె మిషను దగ్గరకు వచ్చి నిలబడింది.

"లేదు, బాబాయిగారూ. పది పేజీలు చూసి రాసేశాను. ఇదొక్కటే కాదు, ఆత్మకథల్లో సగానికి పైగా అంతే."

తాత గట్టిగా ఊపిరి వదిలాడు. "బతికించావు. చదివి కూడా ఇచ్చావేమోనని పది రోజులుగా నాకు ముద్ద దిగట్లేదు." ఆ తరువాత, ఎప్పటి నుండో నాలుక చివర ఉన్న మాటలా చెప్పాడు. "సోడా తాగితేనే నాకు కడుపుబ్బుతుంది, ఇంక ఆ తాగుడు కూడానా! ఆయన ఒళ్లు చేశాడు. నడుం కొలుస్తానంటే కొలవనివ్వలేదు. అంతకుముందేటి కొలతే ఖాయం చెయ్యమన్నాడు."

చీటీలమ్మ నవ్వలేకపోయింది. ఆ పుస్తకాన్ని బీరువాలోంచి తీసేస్తానన్నది. తాత ఒప్పుకోలేదు. నటన గురించి ఆయన రాసినదంతా అక్షరాలా నిజమనీ, పిల్లలు చదవాలనీ, కాకపోతే చీటీ అడుగున దర్జీ మాట కూడా ఒకటి ఉండాలనీ అన్నాడు. ఆయన చెప్తుంటే ఆమె కాగితం మీద రాసుకున్నది.

గుమ్మం దాటుతుండగా కోడలు నెమ్మదిగా అన్నది: "మీ చీటీ చూసే నేను ముందుగా లోపల చూసుకోలేదండీ. చూసుకునుంటే ఆ పేజీ దాటేసేదాన్ని. మధ్యలో ఆగిపోతే, 'ఆపావేం, చదువమ్మా' అన్నారు. చదివాను."

మరునాడు ఆమె తడిగుడ్డతో ఒక్కొక్క అట్టనూ తడిపి, ఆ నటుడి పుస్తకానిది తప్ప, చదవని పుస్తకాల చీటీలన్నీ ఊడదీసింది. అరవై మూడు ఆత్మకథల్లో పంతొమ్మిదింటికే చీటీలు మిగిలాయి. మిగతా అట్టల లోపల నలుచదరపు మరకలు ఉండిపోయాయి. ఎవరైనా వచ్చి ఏది బాగుంటుందని అడిగితే, "ఇది నేనింకా చదవలేదండీ" అనడం నేర్చుకుంటున్నది. అన్న ప్రతిసారీ ఒక కిటికీ కింద ఆగిపోయిన గొంతూ, చదవమన్న గొంతూ ఆమె చెవిలో మెదులుతాయి.

శుక్రవారం తాత వచ్చాడు. చీటీ అడుగున చేర్చిన ఆయన మాటను ఆమె చదివి వినిపించింది: "నూట పన్నెండో పుటలోని దర్జీని నేను. తాగలేదు. నడుము కొలవనివ్వలేదు."

"మరి నీ పాత మాట?" అన్నాడు తాత.

తన పాత మాటలను కొట్టివేసి, వాటి కింద ఆమె రాసిన వాక్యం అప్పటిదాకా ఎవరికీ చూపలేదు. ఇప్పుడు పైకి చదివింది: "ఈ చీటీ రాసిననాటికి నేను ఈ పుస్తకం చదవలేదు."