మాకు లేని మిద్దె

ఆసుపత్రి కాగితంలో మాకొక మిద్దె ఉంది. ఆ మిద్దె మీద పత్తి ఆరబెడుతూ మా ఆయన కాలు జారి కింద పడ్డాడని అందులో రాసి ఉంది. ఆ మాట చెప్పింది నేనే.

మేము కళ్యాణదుర్గంలో ఉంటాం. దూదేకులవాళ్ళం. పాత పరుపులు విప్పి, గట్టిపడిన దూదిని ఏకి, మళ్ళీ కుట్టి ఇవ్వడం మా ఆయన పని. చుట్టుపక్కల పల్లెల్లో పెళ్ళి పరుపంటే ఆయన చేతిదే ఉండాలనేవాళ్ళు. ఊరందరికీ మెత్తటి పడకలు కుట్టిన మనిషికి సొంతానికి ఉన్నది రేకుల ఇల్లు. శెనక్కాయ వరసగా రెండేళ్ళు పండితే పల్లెల్లో పెళ్ళిళ్ళవుతాయి, పెళ్ళిళ్ళయితే పరుపులుంటాయి, అప్పుడు మనం మిద్దె వేసుకుంటాం అనేవాడు. నేను నవ్వేదాన్ని. ఇక్కడి వాన సంగతి ఆయనకు తెలియనిదా?

పరుపులు ఆయన స్నేహితుడి ఆటోలో వచ్చేవి, పోయేవి. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బడి. అతను ఏడాది చిన్నవాడు కాబట్టి ఈయన్ని అన్నా అంటాడు, నన్ను వదినా అంటాడు. రంజాన్‌కు వాళ్ళ ఇంటిల్లిపాదీ మా ఇంట్లోనే. ఉగాదికి మేము వాళ్ళింట్లో.

పోయిన ఏడాది ఎండాకాలంలో ఒక పల్లె నుంచి రెండు పరుపులు వేసుకుని వస్తూ, రోడ్డు పక్కన పోసిన కంకర కుప్ప ఎక్కి ఆటో బోల్తా పడింది. అతనికి మోచేయి గీరుకుపోయింది, అంతే. మా ఆయన్ని ఆసుపత్రికి మోసుకొచ్చింది అతనే. నేను వెళ్ళేసరికి గోడకు తల కొట్టుకుంటున్నాడు.

"వెనక్కి తిరిగి మాట్లాడతా తోలినా వదినా. ముందర చూసింటే ఇంత పని అయ్యేది కాదు" అన్నాడు.

అంతలో అతని భార్య వచ్చి నా రెండు కాళ్ళూ పట్టుకుంది. "అక్కా, ఆయప్ప లైసెన్సు తేదీ ఎప్పుడో అయిపోయిండాది. పోలీసోళ్ళకు తెలిస్తే ఆటో పాయ, మనిషి పాయ. చిన్న బిడ్డలక్కా మాకు" అని ఏడ్చింది. ఆమెను లేపుతూ ఉండగానే ఒకాయన రిజిస్టరు పట్టుకుని వచ్చి, ఎట్లా జరిగిందమ్మా అని అడిగాడు.

మా ఆయన నడుముకు దెబ్బ తగిలింది, స్పృహ లేదు. చెప్పాల్సింది నేనే. నాకు తెలిసిన నడుము దెబ్బలన్నీ కట్టు కట్టిస్తే నెలలో తగ్గిపోయినవే. నెలరోజుల నొప్పికి చిన్ననాటి స్నేహితుణ్ణి పోలీసులకు పట్టిస్తామా?

"మిద్దె మీద పత్తి ఆరేస్తా, కాలు జారి పడినాడు సార్" అన్నాను.

ఆయన రాసుకుని వెళ్ళిపోయాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు గయ్యాళి నోరని మా వీధంతా అంటుంది. అది జన్మలో ఒక్కసారి మంచిగా మాట్లాడింది, ఆ ఒక్కసారికే మా బతుకు కాలిపోయింది.

వెన్నుపాము దెబ్బతిందని డాక్టరు మరుసటి రోజు చెప్పాడు. ఆపరేషన్ చేశారు. నడుము కింద ఏమీ తెలియదు, ఇక తెలియకపోవచ్చు అన్నారు. ఇంటికి తెచ్చేటప్పుడు పుండ్లు పడకుండా గాలి పరుపు కొనమన్నారు. దాని మీద పడుకోబెడితే, ఆయన వేలితో అక్కడక్కడా నొక్కి చూశాడు.

"దీంట్లో దూది లేదే. వట్టి గాలి" అన్నాడు. నేను పెరట్లోకి పోయి చాలాసేపు ఏడ్చాను.

ఆ రోజు నుంచి అతను పొద్దున్నే ఆటో స్టాండుకు పోకముందు మా ఇంటికి వచ్చేవాడు. ఆయన్ని రెండు చేతులతో ఎత్తి, స్నానానికి కూర్చోబెట్టి, ఒళ్ళు తుడిచి, చక్రాల కుర్చీలో దించి, కాళ్ళు ఒక్కొక్కటిగా పలక మీద సర్ది, చెప్పులు తొడిగేవాడు. నడవని కాళ్ళకు చెప్పులెందుకప్పా అంటే, "అన్న చెప్పుల్లేకుండా ఎన్నడైనా వాకిట్లో కూచున్నాడా వదినా?" అనేవాడు. ఒక్కరోజు మానలేదు. ఆ అయిదు నెలలూ ఆయన వీపున ఒక్క పుండు పడలేదంటే అది ఆ చేతుల పుణ్యమే. నేను మనిషిని అర మణుగు, ఆయన్ని పక్కకు తిప్పడానికే నాకు ఊపిరి అందదు.

కాళ్ళకు వ్యాయామం చేయించే ఆమెతో మా ఆయన ఒకరోజు ఆటో సంగతంతా చెప్పాడు. నేను ఆసుపత్రిలో ఏం రాయించానో ఆయనకు తెలియదు కదా. ఆటో ప్రమాదమైతే ఇన్సూరెన్సు వాళ్ళు పరిహారం ఇవ్వాలి, కోర్టులో ఉచితంగా లాయరును పెడతారు, ఆరు నెలల్లోపు వెయ్యాలంట, పరుగెత్తండి అని ఆమె చెప్పింది. గడువుకు మూడు వారాలే ఉంది. కోర్టుకు తీసుకుపోయింది కూడా అతని ఆటోనే. పింఛను కాగితాల పని అని అతనికి చెప్పాను. అబద్ధం ఒకటి చెప్పాక రెండోది చెప్పడం నాకు కష్టం కాలేదు.

లాయరమ్మ చిన్న వయసు మనిషి. కాగితాలన్నీ తిప్పి, ఒక చోట ఆగి, "మిద్దె మీద నుంచి పడినట్టు ఉందే?" అంది.

"ఎవురి మిద్దె మేడమ్?" అన్నాడు మా ఆయన.

"మీదే అని రాసిండాది."

ఆయన నవ్వాడు. "మాకు మిద్దె యాడుండాది మేడమ్? మాది రేకులిల్లు" అని నా వైపు తిరిగాడు. నేను తల దించుకున్నాను. నవ్వు ఆగిపోయింది.

ఆమె నన్ను తిట్టలేదు. ఇట్లా చెప్పేవాళ్ళు చాలామంది వస్తారమ్మా అంది. ఆటోకు ఇన్సూరెన్సు ఉందనీ, లైసెన్సు లేకపోయినా కంపెనీ చేత ముందు మాకు ఇప్పించి, ఆ తర్వాత ఆటో ఆయన దగ్గర వసూలు చేసుకోమనే వీలుందనీ వివరంగా చెప్పింది. కానీ కంపెనీ వాళ్ళు ఈ కాగితాన్నే ముందు పెడతారు. దాన్ని అబద్ధమని నిలబెట్టాలంటే రేకుల ఇంటి ఫోటో కావాలి, నేను అబద్ధం చెప్పానని ప్రమాణం చేసి రాసివ్వాలి, అన్నిటికంటే ముఖ్యం ఆటో నడిపిన మనిషి నిజం చెప్పాలి.

ఇంటికి వచ్చి, అతను ఆటో తిప్పుకుని పోయాక మా ఆయన అడిగాడు.

"వాడడిగినాడా, అట్ల చెప్పమని?"

"లేదు. వాని పెండ్లాం నా కాళ్ళు పట్టుకునింది."

"ఆమె పట్టుకునింది నీ కాళ్ళు. పోయింది నా కాళ్ళు" అన్నాడు.

ఇప్పటిదాకా నన్ను ఎవరూ అంత మాట అనలేదు. ఆయన అరవలేదు కూడా. మళ్ళీ ఆయనే, "వాని మీద కేసొద్దు. పొద్దున్నే వచ్చేది వాడొక్కడే" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "నేను చచ్చినాక నీ మూత్రం సంచీ ఎవురు మారుస్తారు? వాడు మారుస్తాడా?" అన్నాను. ఆయన గోడ వైపు మొహం తిప్పుకున్నాడు. మరుసటి రోజు సంతకం పెట్టాడు. పెట్టించింది నేను.

అతనికి నేనే చెప్పాను. ఆయన్ని కుర్చీలో దించి, చేతులు కడుక్కున్నాక చెప్పాను. కేసు ఎవరి మీద అని అడిగాడు. ఆటో మీదా, నీ మీదా అన్నాను. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"నిజమే చెప్తాలే వదినా. నా వల్లనే కదా" అన్నాడు.

మరుసటి పొద్దున అతను రాలేదు. ఆ తర్వాతా రాలేదు. వీధిలో ఆటో చప్పుడైనప్పుడల్లా మా ఆయన మాట ఆపి వినేవాడు. నెల తిరగకముందే నడుము కింద రూపాయి బిళ్ళంత పుండు పడింది. రోజూ కడిగి కట్టు కట్టినా అది పిడికిలంత అయింది. ఆయనకు నొప్పి తెలియదు. నొప్పంతా నాకే.

అతను సాక్ష్యం చెప్పాల్సిన రోజు మేము బాడుగ వ్యానులో కోర్టుకు పోయాం. హాలు పై అంతస్తులో ఉంది. మా ఆయన్ని వ్యానులోంచి దించిన మనిషి వెళ్ళిపోయాడు. మెట్ల ముందు నేను కుర్చీ పట్టుకుని నిలబడి ఉంటే, వేపచెట్టు కింద నుంచి అతను వచ్చాడు. చిక్కిపోయాడు. ఒక చేయి వీపు కింద, ఒక చేయి మోకాళ్ళ కింద పెట్టి ఆయన్ని ఎత్తుకుని మెట్లెక్కాడు. మా ఆయన అలవాటుగా అతని మెడ చుట్టూ చేతులు వేశాడు. కుర్చీ మడిచి మోసుకుంటూ వెనక ఎక్కుతున్న నాకు, అల్లాయే పంపాడు అనిపించింది. ఇంకేం భయం లేదనుకున్నాను.

పిలిచారు. అతను పోయి నిలబడ్డాడు. తలుపు దగ్గర అతని భార్య చిన్నపిల్లను ఎత్తుకుని నిలబడి ఉంది. కంపెనీ లాయరు అడిగాడు, ఈయన ఎట్లా పడ్డాడో మీకు తెలుసా అని. అతను ఒకసారి తలుపు వైపు చూసి, నేల చూపులు చూస్తూ చెప్పాడు.

"మిద్దె మీద పత్తి ఆరేస్తా, కాలు జారి పడినాడు సార్."

ఒక్క అక్షరం మారలేదు. నా మాటను నాకే తిరిగి ఇచ్చాడు. లేచి అరుద్దామనుకున్నాను, ఏమని అరిచేది? ఆ దారి చూపించినదాన్ని నేనే.

మా లాయరమ్మ ఫోటో చూపించి ఏవేవో అడిగింది. అతను తెలీదు, తెలీదు అన్నాడు. ఇంకో తేదీ ఇచ్చారు. తీర్పు ఇంకా రాలేదు. మా వైపే వస్తుందని ఆమె అంటోంది, నాకు నమ్మకం లేదు.

దిగేటప్పుడు అతను మళ్ళీ వచ్చాడు. "ముట్టుకోవద్దు" అన్నాను. కానీ మా ఆయన అప్పటికే రెండు చేతులూ చాచాడు. అతను ఎత్తుకుని నెమ్మదిగా దిగాడు. నేను ఖాళీ కుర్చీతో వెనకే దిగాను. చివరి మెట్టు మీద మా ఆయన అతని చెవి దగ్గర అన్న మాట నాకు వినబడింది.

"మా ఇంటికి మిద్దె లేదు కదరా."

అతను ఆయన్ని కుర్చీలో దించి, కాళ్ళు ఒక్కొక్కటిగా పలక మీద సర్ది, జారిన చెప్పు మళ్ళీ తొడిగి, వెళ్ళిపోయాడు.