నాలుగో తలుపు దగ్గర ఊఁ

పోయినవాటిని లెక్క వేసుకోవడం నాకు అలవాటు. క్యాతగానచెర్లు పక్కనున్న మా పొలం సోలార్ పార్కు కిందికి వెళ్ళాక పోయినవి ఇవి: ఒక కానుగ చెట్టు, ఒకటిన్నర బావి (రెండే ఉండేవి, ఒకదాంట్లో నీళ్ళు ముందే పోయాయి కనుక దాన్ని అరగా వేసుకున్నాను), కళ్ళం, కళ్ళం అంచున మా అవ్వ ఆనుకుని కూర్చునే బండ. ఆ బండ దగ్గర ఆవిడ చెప్పిన కథల్ని ఇందులో కలపాలా వద్దా అన్నది మాత్రం చాలాకాలం తేలలేదు. నిన్న ఎనిమిదో తరగతి చదివే మా తమ్ముడి కూతురు బడి నుంచి వచ్చి, సంచి దించకుండానే అడిగింది: "అత్తా, రాజులూ రాక్షసుల కథలన్నీ అబద్ధాలేనంట గదా? నిజమో కాదో రాసుకోని రమ్మనింది మా టీచరు."

"ఆ మాట నువ్వే అడగల్ల!" అని నవ్వాను. అదీ నవ్వింది. ఎందుకు నవ్వామో చెప్పాలంటే అవ్వ దగ్గర మొదలుపెట్టాలి.

నేను బడికి వెళ్ళింది మూడో తరగతి వరకే. లెక్కలు నేర్చింది గొర్రెల దగ్గర. అందుకే అవ్వ కథల్లో ఎప్పుడూ తప్పులు వెతికేదాన్ని. ఆవిడ రాజుకు పెద్ద కోట ఉండేది కానీ వంటింట్లో రాగి సంగటి, ఊరిబిండి పచ్చడే. వాన లేని ఏడు రాణి కూడా బిందె పట్టుకుని వరుసలో నిలబడేది. "రాజింట్లో నీళ్ళకి కరువేందవ్వా?" అంటే, "రాజైతే ఏంది, వాన వానికేమన్నా చుట్టమా?" అనేది. ఇప్పటి పిల్లల పుస్తకాల్లో రాజుల ఇళ్ళ చుట్టూ మంచు కురుస్తున్న బొమ్మలు చూసినప్పుడు, ఆ మంచు కూడా ఎవరో అవ్వ తన గుమ్మం ముందు చూసిందే అయి ఉంటుందని అనుకుంటాను.

అవ్వకు రెండు నియమాలుండేవి. వినేవాళ్ళు మాటమాటకూ ఊఁ కొట్టాలి. ఊఁ ఆగితే కథ ఆగుతుంది, మిగిలింది బాకీ. రెండోది, పగలు కథ చెప్పకూడదు, చెబితే మేనమామ దారి తప్పుతాడు. మా మేనమామ దారి తప్పడానికి కథలు అక్కర్లేదు, పావగడ బస్టాండులో దిగితే చాలు. ఆ సంగతి తెలిసినా అవ్వ నియమం సడలించలేదు.

నాకు ఇష్టమైన కథలో ఒక పిల్ల తెల్ల మేకపిల్ల వెంట పడి రాక్షసి అడవిలోకి వెళ్ళిపోతుంది. అక్కడ చెట్లన్నీ ఒకే మొహంతో ఉంటాయి. నడుమ ఏడు తలుపుల కోట. చెట్లన్నీ ఒకటే మొహంతో ఎట్లా ఉంటాయని నేను వాదిస్తే, "తప్పిపోయినోళ్ళ కండ్లతో చూస్తే అట్లే అగపడతాయిలే" అని తేల్చేసేది. నేను దాన్ని తప్పుల్లోనే వేసుకున్నాను. పెద్దయ్యాక ఆ కథనే మా తమ్ముడి కూతురికి చెప్పడం మొదలుపెట్టాను. అది నాలుగో తలుపు దగ్గరికి వచ్చేసరికి నిద్రపోయేది. మర్నాడు మళ్ళీ మేకపిల్ల దగ్గర్నుంచే.

దానికి ఐదేళ్ళప్పుడు మేం ముగ్గురం, అంటే నేనూ తమ్ముడూ మరదలూ, పార్కులో సోలార్ పలకల వరుసల మధ్య గడ్డి కోసే కూలికి వెళ్ళేవాళ్ళం. ఆ రోజు బడికి సెలవు. పిల్లను కంచె బయట మేకలు కాసే ఆడవాళ్ళ దగ్గర కూర్చోబెట్టాం. మిట్టమధ్యాహ్నం మేకపిల్ల ఒకటి కంచె కిందనుంచి బయటికి వచ్చింది. దాని వెంట లోపలికి దూరిన మా పిల్ల రాలేదు.

తమ్ముడు వరుసల్లోకి పరుగెత్తాడు. "ఒసే, యాడుండావే! దొరికినావంటే కాళ్ళిరగ్గొడతా!" భయం వాడి నోట కోపమై వస్తోంది. మరదలు ఏడుస్తూ వాళ్ళ అన్నకు ఫోన్ చేసింది. కాపలా అతను ఈల ఊదుతున్నాడు. ఎవరి పిలుపుకూ బదులు లేదు. నేను అలవాటుగా లెక్క వేశాను: ఇన్ని వరుసలు, నలుగురు మనుషులు, ఈ ఎండ, దాహంతో ఐదేళ్ళ పిల్ల. వచ్చిన జవాబును పూర్తిగా చూసుకోలేక ఆపేశాను. తలెత్తితే చుట్టూ పలకలు. ఎటు తిరిగినా అదే నీలం, అదే వాలు, అదే నీడ. ఒకే మొహం.

అవ్వ తప్పు చెప్పలేదని అప్పుడు తెలిసింది. ఇంకొకటి కూడా తోచింది. కథలో రాక్షసి కేకలు వేస్తూ వెతుకుతుంటే ఆ పిల్ల పలకదు, నక్కి కూర్చుంటుంది.

"కొంచేపు నోరు మూయప్పా," అన్నాను తమ్ముడితో. గొంతెత్తి మొదలుపెట్టాను: "అనగనగా ఒక ఊర్లో ఒక పిల్ల ఉండె!"

"అక్కా, నీకేమన్నా పిచ్చా? పట్టపగలు కథేంది! దాని మామ ఇప్పుడే బండెక్కినాడు!"

ఒక్కో మాట అరిచి, ఆగి, విని, తర్వాతి వరుసకు నడిచాను. మొదటి తలుపుకు ముళ్ళు. రెండో తలుపుకు పాము. మూడో తలుపుకు నిప్పు. "నాలుగో తలుపుకి తాళం బదులు తేలు!" అన్నాను.

"ఊఁ."

సన్నగా, పలక నీడలో ఇనుప స్తంభం పక్కనుంచి. మోకాళ్ళు కావలించుకుని కూర్చుని ఉంది. "నాయన కొడతాడని పలకలేదత్తా. నువ్వు కథ చెప్తే ఊఁ అనల్ల గదా," అంది. తమ్ముడు కొట్టలేదు. దాన్ని ఒళ్ళో వేసుకుని అక్కడే కూలబడ్డాడు. నేను నీళ్ళ సీసా మూత తీసిచ్చాను.

వాళ్ళ మామ మాత్రం పార్కు రోడ్లన్నీ ఒకేలా ఉన్నాయని తిరిగి తిరిగి పొద్దు వాలాక చేరాడు. "అవ్వ మాట పొల్లు పోలేదు," అని మరదలు ఆ రోజు మొదటిసారి నవ్వింది.

నిన్న మా పిల్ల టీచరుకు ఇలా రాసుకుంది: అడవి నిజం, మేకపిల్ల నిజం, మామ దారి తప్పడం నిజం. రాక్షసి నిజమే గాని అది మా నాయన, పాపం భయపడి అరిచినాడు. నేను చదివి దిద్దడానికి ఏమీ లేదన్నాను. కథల్ని పోయినవాటిలో కలపకూడదని తేల్చుకున్నాను.

"సరే, మిగిలిన తలుపులు ఇప్పుడన్నా చెప్పు," అంది. చెప్పేదాన్నే. కానీ బండ పక్కన అవ్వ ఒళ్ళో నేనూ ప్రతిసారీ నాలుగో తలుపు దగ్గరే నిద్రపోయాను. ఆవిడ పోయి ఇన్నేళ్ళయింది. అవ్వ నాకు, నేను మా పిల్లకు పడ్డ ఆ బాకీ మాత్రం కాలం ఎంత గడిచినా పెరగలేదు, తరగలేదు: మూడు తలుపులు.