సగటు త్వరణం మాస్టారు

కదిలేది ఏది కంటబడినా దాని సగటు త్వరణం లెక్క కట్టందే మాస్టారికి అన్నం సహించదు. ఫిజిక్సు పాఠాలు చెప్పి రిటైరైనా, మెడలో స్టాప్‌వాచీ మాత్రం రిటైరవలేదు. ఇంట్లో ఆవిడ విసిరిన గరిటెకు కూడా, ముందు లెక్క కట్టి ఆ తర్వాతే తప్పుకున్నాడని వీధంతా చెప్పుకుంటారు.

ఆయన వల్ల ఎక్కువ అవస్థ పడ్డవాడు ఆస్పత్రి రూటు బస్సు డ్రైవరు. మాస్టారు రోజూ సరిగ్గా అతని వెనక సీట్లోనే కూర్చునేవాడు.

"స్పీడు ముల్లు ఎంత చూపిస్తోందయ్యా?"

"ముప్పై ఆరు సార్."

"అంటే సెకనుకు పది మీటర్లు. బయల్దేరినప్పుడు సున్నా. పట్టింది ఇరవై సెకన్లు. పదిని ఇరవైతో భాగిస్తే త్వరణం అర! భేష్!"

స్టాపు రాగానే డ్రైవరు బ్రేకు వేశాడు. పది సెకన్లలో బస్సు ఆగింది.

"మైనస్ ఒకటి!" అని అరిచాడు మాస్టారు.

డ్రైవరు నివ్వెరపోయాడు. ఇరవై ఏళ్ల సర్వీసులో అతనికి మైనస్ మార్కు వేసిన మొనగాడు లేడు. "నేనేం తప్పు చేశాను సార్?"

"తప్పు కాదయ్యా! చివరి వేగంలోంచి మొదటి వేగం తీసేస్తాం కదా, వేగం తగ్గితే మైనస్సే వస్తుంది."

"ఏమో సార్, పదిమందిలో మైనస్ అన్నారు," అని డ్రైవరు రెండు రోజులు ముఖం ముడుచుకున్నాడు.

ఇలా ఉండగా ఒకావిడ బస్సులో పడి చెయ్యి బెణికించుకుంది. డ్రైవరు ఒక్క ఉదుటున బండి లాగాడని ఫిర్యాదు రాసింది. డిపో మేనేజరు పిలిపించాడు. గదిలోకి అడుగుపెట్టబోయిన డ్రైవరు గుమ్మంలోనే ఆగిపోయాడు. బల్ల మీద సస్పెన్షన్ కాగితం, దాని పక్కన మాస్టారి నోటుపుస్తకం, ఎదురుగా సాక్షాత్తూ మాస్టారు!

"ఇంకేముంది, కొంప ముంచాడు!" అనుకున్నాడు.

మేనేజరు పేజీ తిప్పాడు. "ఆ రోజు, ఆ స్టాపులో, సున్నా నుంచి గంటకు పద్దెనిమిది కిలోమీటర్లకు పది సెకన్లు. త్వరణం అర. ఇది మెత్తగా లాగినట్టే కదండీ?"

"ఆగండి. అది సగటు మాత్రమే," అన్నాడు మాస్టారు. "సగటు చాటున ఎంత కుదుపైనా దాక్కోవచ్చు."

డ్రైవరు సస్పెన్షన్ కాగితం వంక చూశాడు.

"అందుకే రెండేసి సెకన్లకు విడివిడిగా కట్టాను. ఎక్కడా ముప్పాతిక దాటలేదు. ఆవిడ పడింది చెప్పు తెగి. తెగిన చెప్పు నేనే తీసిచ్చాను."

మేనేజరు నోటుపుస్తకం మూశాడు. "అసలు మీకు ఈ లెక్కలెందుకండీ?"

మాస్టారు సిగ్గుపడ్డాడు. "మా వీధిలో నడుం నొప్పి వాళ్లు, నిండు నెలల వాళ్లు ఆస్పత్రికి ఏ బస్సెక్కమంటారని అడుగుతారు. పదకొండు మంది డ్రైవర్ల బస్సులూ ఎక్కి చూశాను. ఇతని బస్సే ఎక్కమని అందరికీ చెబుతున్నాను."

మేనేజరు సస్పెన్షన్ కాగితాన్ని నిలువునా చింపేశాడు.

బయటికొచ్చాక డ్రైవరు అడిగాడు. "ఇన్నాళ్లూ ఒక్క ముక్కైనా నాతో అనలేదేం సార్?"

"అంటే పొంగిపోయి స్పీడు పెంచుతావేమోనని భయం!"