వాగులో వేసిన సాసర్

దేవుడి మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం.

మొన్న మా అమ్మాయి విశాఖ తీరంలో ఏరుకొచ్చిన పింగాణీ పెంకులు, గాజు ముక్కలు మా జహీరాబాద్ ఇంట్లో బల్ల మీద పరిచింది. అంచులన్నీ వాడిన సబ్బుబిళ్లల్లా నున్నగా అరిగిపోయి ఉన్నాయి. చూడగానే మా ఊరి వాగు గుర్తొచ్చింది.

చిన్నప్పుడు తొక్కుడుబిళ్ల ఆటకు అలాంటి పెంకే కావాలి. వాగు ఇసుకలో దొరికిన పెంకు అక్క దగ్గర ఉండేది. అది గీత మీద పడకుండా సరిగ్గా గడిలోకే జారేది. నేను రోజూ ఓడిపోయేవాణ్ణి.

"గంత నున్నగ ఎట్లయిందే?" అని అడిగాను.

"వాగు నాకుతది రా. ఒక్క వాన పడితే చాలు," అంది అక్క.

నమ్మాను. చుట్టాలొస్తేనే బయటికి తీసే నీలంపూల సాసర్‌ను పగలగొట్టి, ముక్కలన్నీ వాగులో వేశాను. ఆ సాయంత్రమే న్యాల్‌కల్ నుంచి పెద్దమామ దిగాడు. ఆయన సాసర్లో పోసుకుంటే తప్ప చాయ్ తాగడు.

"సాసర్ ఏడవోయిందిరా?" అంది అమ్మ.

"వాగుల ఏసిన. ఫికర్ చెయ్యకమ్మా, వాన పడంగనే నున్నగైతది."

కప్పు ఊదుకుంటున్న మామకు పొలమారింది. "చెల్లె, గీ కప్పు గూడ ఏసి రమ్మను, జత కుదుర్తది!" అన్నాడు. అమ్మ పడీపడీ నవ్వింది.

ఆ నవ్వొక్కటే నా కల్పన. మామ ఉన్నంతసేపూ ఆవిడ పళ్లు బిగబట్టుకుని కూర్చుంది. ఆయన బస్సు కదిలాక చీపురు తీసుకుంది. మర్నాడంతా ఒంటికాలి మీదే కుంటుతూ తిరిగాను. తొక్కుడుబిళ్లకు అదైనా పనికొచ్చింది.