వేళ్ళు లేని మడ మొక్కలు

మా గోదావరి జిల్లాల మర్యాదంటే నాకు ఒళ్ళు మంట. ఇక్కడ మనిషిని తొక్కేసేటప్పుడు కూడా "అండి" అని పిలిచే తొక్కుతారు.

చదువు అయ్యాక నా మొదటి ఉద్యోగం యానాం దాటాక, నది సముద్రంలో కలిసే చోట. మా ఊరి దగ్గరే పాడుపెట్టిన రొయ్యల చెరువుల్లో మడ అడవిని మళ్ళీ పెంచే ప్రాజెక్టు. కాంట్రాక్టు మీద తీసుకున్నారు. మా పెద్దసారు రాజమండ్రి నుంచి కారులో వచ్చి, పడవలో కూర్చుని, దిగకుండానే వెళ్ళిపోయేవారు. "మీరెళ్ళి చూసి రండమ్మా, మీవాళ్ళకి బురద అలవాటే కదా" అనేవారు నవ్వుతూ. చేపలు పట్టేవాళ్ళింట్లో పుట్టి డాక్టరేట్ చేసిన దాన్ని. ఆ నవ్వు ఇప్పటికీ నాకు అసహ్యమే.

నేను చెప్పింది ఒక్కటే. చెరువు గట్టుకి గండి కొట్టాలి. పోటు నీళ్ళు లోపలికొస్తే మడ కాయలు వాటితోపాటే కొట్టుకొచ్చి మొలుస్తాయి. నీళ్ళు కదలని చోట ఏం నాటినా చస్తుంది.

"గండి కొడితే ఫొటోలో ఏం కనబడుతుందమ్మా?" అన్నారు సారు.

మొక్కలే నాటించారు, కడియం నర్సరీలోలాగా తాడు పట్టి వరసలు కట్టించి మరీ. పని మా ఊరి ఆడవాళ్ళకిచ్చారు. వాళ్ళ మీద మేస్త్రీ మా పిన్ని. వేసవి వెళ్ళేసరికి మొక్కలన్నీ మాడిపోయాయి. నేను ముందే చెప్పానని అన్నాను. ఆ మాట ఎవరికి నచ్చుతుంది?

పై ఆఫీసు నుంచి తనిఖీకి వస్తున్నారని తెలియగానే సారు నన్ను ఏదో మీటింగు పేరుతో కాకినాడ పంపారు. తిరిగొచ్చేసరికి చెరువంతా పచ్చగా ఉంది. దగ్గరికెళ్ళి చూస్తే విషయం తెలిసిపోయింది. పాయకి అవతల బతికున్న మడచెట్ల కొమ్మలు నరికి తెచ్చి బురదలో గుచ్చారు. అడవి పెంచుతున్నామని చూపించడానికి ఉన్న అడవిని నరికారు.

"తనిఖీ అయిపోతే మీ పోస్టు పర్మనెంటేనమ్మా. నేను చూసుకుంటాను" అన్నారు సారు, నా మొహం చూసి. ఆ పోస్టు నాకు కావాలి. నోరు మూసుకుంటే వస్తుందని ఇద్దరికీ తెలుసు.

తనిఖీకి వచ్చినాయన కొబ్బరిబొండం తాగుతూ గట్టు మీద నిలబడి, "బాగా పట్టాయండి! సైంటిస్టు గారు, మీరేమంటారు?" అని నన్నడిగాడు. మాట వరసకే అడిగాడు. నేను బురదలోకి దిగి ఒక కొమ్మ పీకాను. పక్కది పీకాను. చివర కత్తివాటు తప్ప ఒక్క వేరు లేదు. రెండూ ఆయన చేతిలో పెట్టాను.

ఆయన బొండం పక్కన పెట్టేశాడు. ఎవరూ అరవలేదు, మర్యాదస్తులు కదా. ప్రాజెక్టు మూసేశారు. సారు బదిలీ మీద ఇంకో మంచి సీటుకి వెళ్ళారు. నాకు పోస్టు రాలేదు.

సామాను తెచ్చుకోవడానికి మా ఊరెళ్ళినప్పుడు పిన్ని గుమ్మంలోనే నిలబెట్టింది.

"ఆ కొమ్మలు ఎవరు గుచ్చారనుకున్నావే? ఎండలో రెండు పూటలా మేమే గుచ్చాం. నువ్వు పీకింది నేను గుచ్చిందే. ఊళ్ళో ఆడోళ్ళందరి కూలీ పోగొట్టేవు. నీకేం, చదువుంది. ఎక్కడైనా బతుకుతావు."

"అవి చచ్చిపోతాయని నీకు తెలియదా పిన్నీ?"

"తెలుసు. చచ్చినన్నాళ్ళూ మళ్ళీ గుచ్చే పని ఉండేది."

ఆ మాటకి నాకు జాలి కలగాలి కాబోలు. కలగలేదు. సారు మీద ఎంత కోపమో, ఆమె మీదా అంతే కోపం వచ్చింది. తర్వాత వేరేచోట ఉద్యోగం దొరికింది, ఇదే పనిలో పేరూ వచ్చింది. ఎక్కడికెళ్ళినా ముందు గట్టు తెగ్గొట్టమంటాను. మా ఊరి చెరువు గట్టు మాత్రం అలాగే ఉంది. దాన్ని తెగ్గొట్టడానికి వెళ్తానంటే నాకు పడవ ఇచ్చేవాళ్ళు ఆ ఊళ్ళో లేరు.