పేరు చెప్పనన్న మాట

నేను లాయరునై అప్పటికి ఏడాదే. తాండూరులో ఒక నాపరాళ్ల పాలిషింగ్ కంపెనీ, గాలిలో దుమ్ము కొలిచే పరీక్షల్లో మోసం జరుగుతోందని ఫిర్యాదు వస్తే, విచారణ మా ఆఫీసుకే అప్పజెప్పింది. అందుకు వికారాబాద్ నుంచి మా సీనియర్ నన్ను పంపారు. దుమ్ము తక్కువ చూపడానికి మిషన్లు ఆపేసి పరీక్ష చేయిస్తారని అక్కడ పనిచేసే షాహీన్ రహస్యంగా చెప్పింది. ఆమె పేరు బయటపెట్టనని మాటిచ్చాను. మా సీనియర్‌కు మాత్రం చెప్పాను.

వారం తిరక్కముందే ఆమెను పనిలోంచి తీసేశారు. విని వాళ్లింటికి పరుగెత్తాను.

"మిమ్మల్ని నమ్మి చెప్పిన మేడం. నా పేరు వాళ్లకెట్ల తెలిసింది?" అంది.

తిరిగొచ్చి సీనియర్‌ని అడిగాను. ఆయన ఫైలులోంచి తలెత్తలేదు.

"నేనే చెప్పిన. మన క్లయింటు కంపెనీ బిడ్డా, ఆమె గాదు."

గురువనుకున్న మనిషి! ఆ రోజే ఆఫీసు వదిలేశాను. షాహీన్ కేసు ఉచితంగా వాదిస్తానన్నాను. ఆమె ఒప్పుకోలేదు, వేరే లాయరును పెట్టుకుంది. మోసపోయింది నేననుకున్నాను. ఆమె దృష్టిలో మాత్రం మోసం చేసింది నేనే.