చెరువు అడుగు మట్టికి గాలి తగిలితే

ఈ ప్రయాణానికి కారణం నా మొండితనమే. తొంభైల చివర్లో తార్నాకలో పరిశోధన చేస్తుండేదాన్ని. చెరువు అడుగు బురదలో సీసం, రాగి లాంటి లోహాలు ఎలా పేరుకుంటాయి, నీళ్లలో ఆక్సిజన్ పెరిగితే, తగ్గితే వాటికేమవుతుంది అన్నది నా విషయం. కొండాపూర్ వెనకాల ఒక చెరువు నుంచి ఆఖరి నమూనా తేవాలి. "వాన పడేలా ఉంది, వచ్చే ఏడు చూద్దాంలే" అన్నారు మా గైడు. నేనా వినేది! మర్నాడే బయల్దేరాను.

ఆరింటికి తార్నాకలో బస్సెక్కి, మెహదీపట్నంలో మారి, కొండాపూర్ చేరేసరికి ఎనిమిదయింది. మాదాపూర్ పొడవునా బండలు పగలగొడుతున్నారు, ఒకటీ అరా అద్దాల భవనాలు లేచాయి. అక్కడి నుంచి చెరువు దాకా ఆటో ముప్పై రూపాయలు. నా చేతిలోని నాలుగడుగుల ప్లాస్టిక్ గొట్టం చూసి డ్రైవర్ "బోరేస్తరా మేడమ్?" అన్నాడు. బురద కోసమంటే నవ్వాపుకోలేక బండి పక్కకు తీశాడు.

గట్టు మీద, ముందే మాట్లాడి పెట్టుకున్న మల్లయ్య, గుండ్రటి బుట్టలాంటి తన పుట్టితో సిద్ధంగా ఉన్నాడు. చేపలు పడతాడు, గట్టు దిగగానే ఇల్లు, దాని పక్కనే ఆకుకూరల మడి. నడి చెరువుకు తీసుకెళ్లాడు. గొట్టాన్ని బురదలోకి దించి, పైన బిరడా బిగించి లాగాం. అడుగున తారులా నల్లటి బురద, దాని మీద జానెడు నీళ్లు. భలే వచ్చింది! ఒడ్డుకొచ్చాక "జాగ్రత్తగా నిలబెట్టండి" అని చెప్పి కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాను. ఆయన భార్య యాదమ్మ భోంచేసి పొమ్మంది. జొన్నరొట్టె, పెరటి పాలకూర పప్పు. సిగ్గులేకుండా రెండోసారి వడ్డించుకున్నాను.

తిని వచ్చి చూద్దును కదా, గొట్టంలో నీళ్లు లేవు. నల్లగా ఉండాల్సిన బురద పైభాగం గోధుమరంగుకు తిరిగింది.

"అయ్యో రామా! ఎవరు ఒంపేశారండీ?"

"నేనే. ఆటోల కారుతయని ఒంపిన. బరువు గూడ తగ్గింది" అన్నాడు మల్లయ్య.

నాకు ఒళ్లు మండింది. "పొద్దుట్నుంచీ పడ్డ కష్టమంతా గంగపాలు చేశారు!"

"నిలబెట్టమంటిరి, నిలబెట్టిన. నీళ్లెందుకో చెప్పలే గద మేడమ్."

నిజమే, చెప్పలేదు. అప్పుడు కూర్చుని చెప్పాను. చెరువు అడుగున గాలి ఉండదు. చెరువులో కలిసే మురుగు నాలాలోంచి వచ్చిన లోహాలు అక్కడ గంధకంతో అతుక్కుని, నల్ల బురదలో కదలకుండా పడుంటాయి. గాలి తగిలితే ఆ పట్టు సడలుతుంది, లోహాలు నీళ్లలోకి దిగుతాయి, మొక్కల వేళ్లకూ అందుతాయి. గాలి చొరబడకుండా ఆపడానికే పైన ఆ నీళ్లు.

మల్లయ్య బురదను వేలితో తాకి చూశాడు. "రేపు ట్రాక్టర్ చెప్పిన మేడమ్. నీళ్లు దిగిన కాడ గీ మట్టే తవ్వి మడికి పోస్తం. పోయిన ఎండకాలం గూడ పోసినం." గుమ్మంలో యాదమ్మ కంచాలు పట్టుకుని ఆగిపోయింది. "అయితె మేం తింటున్నది?" అంది.

ఫలితాలు రాకుండా ఊళ్లో నోరు విప్పొద్దని మా గైడు ముందే హెచ్చరించారు. నా కడుపులో అదే పాలకూర. భయమేసింది. "నాకు తెలియదమ్మా. పరీక్ష చేసేదాకా మాత్రం ఆ మట్టి పోయకండి" అన్నాను.

"మట్టి లేకుంటె పంటెట్ల? ఎరువు బస్తాలు మీరు కొనిస్తరా?" అని మల్లయ్య గట్టిగానే అడిగాడు. కొనివ్వలేనని, పరీక్ష మాత్రం తప్పకుండా చేస్తానని చెప్పాను. ఆయన మడిలోకి వెళ్లి గుప్పెడు మట్టి, ఒక పాలకూర కట్ట కాగితంలో చుట్టి తెచ్చాడు. "గివి గూడ చూడుండ్రి. ఉన్నదున్నట్టు చెప్పుండ్రి." ట్రాక్టర్ వద్దని కబురు పంపాడు. మూడింటికి మళ్లీ పుట్టి ఎక్కాం. ఈసారి గొట్టం అంచుదాకా నీళ్లు ఆయనే నింపాడు.

రెండు నెలలకు ఫలితాలు వచ్చాయి. పాలకూరలో సీసం ఉండాల్సిన దానికంటే ఎక్కువే ఉంది. ఉత్తరం రాసి ఊరుకోవచ్చు, మనసొప్పక మళ్లీ అదే బస్సెక్కి వెళ్లి చెప్పాను.  వాళ్లు మడిని అప్పటికే బీడు పెట్టేశారు. యాదమ్మ ఆ రోజూ తినకుండా పోనివ్వలేదు. కూర మాత్రం బజారు వంకాయ.

నా సిద్ధాంత వ్యాసంలో గొట్టాల గురించి చాలా పేజీలున్నాయి, ఆ మడి గురించి ఒక్క పేరానే ఉంది. ఎవరైనా చదివారో లేదో కూడా తెలియదు. నేను ఒంపొద్దని చెప్పి వెళ్లి ఉంటే ఆ నీళ్లు ఉండేవి, నమూనా చెడేది కాదు, కారణం విడమరిచి చెప్పే పనీ పడేది కాదు, మర్నాడు ట్రాక్టర్ నిండా ఆ మట్టి మడిలో పడేది. అందుకే చెరువు మట్టి కోసం వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: పుట్టి ఎక్కకముందే, ఏం తీస్తున్నారో, ఎందుకు తీస్తున్నారో పుట్టి నడిపే మనిషికి చెప్పండి. ఆ మట్టితో బతికేది ఆయనే.